గోడ మీది పేర్లు

తంజావూరు పెద్ద గుడి గోడల మీద తమిళ అక్షరాలు బారులు తీరి ఉంటాయి. 1010లో పూర్తయిన ఆ గుడికి రాజరాజ చోళుడు ఇతర ఆలయాల నుంచి రప్పించిన 400 మంది ఆడవాళ్ల పేర్లు అక్కడున్నాయి. ఏ వీధి, ఎన్నో ఇల్లు, ఏ గుడి నుంచి వచ్చింది, అన్నీ చెక్కారు. ఒక్కొక్కరికి ఏటా 100 కలాల (అప్పటి కొలత) వడ్లు.

వాళ్లలో ఒకామె, ఊరు విడిచిన రోజు ఏడ్చిందా? శాసనం చెప్పదు. చారిత్రక కథకు చోటు అక్కడే ఉంది. అయితే ఊహ ఆ వీధిలోనే, ఆ వడ్లతోనే బతకాలి.

అదే గుడిలో ఒక్కో అఖండదీపానికి నెయ్యి కోసం 96 గొర్రెలను కాపరికి అప్పగించేవారు. వాటిని చావనివి, ముసలివి కానివి అనేవారు. చచ్చినదాని చోట కొత్తగా పుట్టింది చేరాలి, నెయ్యి ఆగకూడదు. తెగులు వచ్చిన ఏడు ఆ కాపరి ఇంట్లో ఏం జరిగి ఉంటుందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

తెలుగువాళ్లకు ఇదేమీ పరాయి కథ కాదు. రాజరాజు కూతురు కుందవ్వ వేంగి కోడలు. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు ఆమె కొడుకే.

ఈ సంచికలో యుద్ధాల కథలు పక్కన పెట్టాం. గుడి వీధిలో నివసించినవాళ్ల కథలే వేశాం. చదివి ఉత్తరం రాయండి.