ఉద్దానంలో గుండెను, కిడ్నీని కలిపే చూడాలి

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకు కావడమే కరోనరీ ధమని వ్యాధి. పూడిక ఒక్క ధమనిలోనే ఉందా, మూడింటిలోనూ ఉందా, ఎడమ ప్రధాన ధమనికి పాకిందా, గోడల్లో కాల్షియం చేరి గట్టిపడిందా అన్నవాటిని బట్టి తీవ్రతను అంచనా వేస్తారు. మందులు సరిపోతాయా, స్టెంట్ వేయాలా, బైపాస్ చేయాలా అన్నది దాదాపు అక్కడే తేలుతుంది.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. తొలి గుండెపోటు ముప్పులో 90 శాతం తొమ్మిది అంశాల వల్లేనని అది తేల్చింది. వాటిలో చెడు కొవ్వు, పొగాకు, బీపీ, షుగర్ ముఖ్యమైనవి. షుగర్ ఉన్నవారిలో పూడిక తరచూ ఒకటికి మించిన ధమనుల్లో, పొడవునా వ్యాపిస్తుంది. ఛాతీ నొప్పి తెలియకుండానే ముదిరిపోతుంది కూడా.

పలాస, టెక్కలి ప్రాంతంలో ఈ జాబితాకు కిడ్నీ జబ్బును తప్పక చేర్చాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఉద్దానంగా పిలిచే కొబ్బరి, జీడి తోటల పల్లెలను దశాబ్దాలుగా పీడిస్తున్న ఈ జబ్బుకు కచ్చితమైన కారణం నేటికీ తేలలేదు. షుగర్ లేనివారికీ ఇది వస్తోంది. కిడ్నీ వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మి.లీ. కంటే తగ్గినకొద్దీ గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి ధమనుల గోడల్లో కాల్షియం చేరుతుంది, బీపీ అదుపు తప్పుతుంది. రక్తహీనత గుండెపై భారం పెంచుతుంది. అందుకే కిడ్నీ రోగుల్లో చాలామంది డయాలసిస్ దాకా రాకముందే గుండెజబ్బుతో చనిపోతారు.

చికిత్సా ఇక్కడ చిక్కే. యాంజియోగ్రామ్‌లో వాడే రంగుమందు దెబ్బతిన్న కిడ్నీలను మరింత దెబ్బతీయవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరి, గుండెజబ్బు నిలకడగా ఉన్న 777 మందిపై జరిపిన ఇస్కీమియా-సీకేడీ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. ముందుగానే స్టెంట్, బైపాస్ దారి పట్టినందువల్ల మందుల చికిత్స కంటే మరణాలు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదు. కాబట్టి అసలు ఆధారం ముందుజాగ్రత్తే.

ఆ జాగ్రత్త ఊరి అలవాట్ల దగ్గర మొదలవ్వాలి. ఉత్తర కోస్తా పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుంటారు. నోటి క్యాన్సర్ భయంతోనే దీన్ని చూస్తున్నారు గానీ, ధమనులకూ ఇది ముప్పే. తోటపనితో వచ్చే ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పిబిళ్లలు కిడ్నీనీ గుండెనూ రెండింటినీ దెబ్బతీస్తాయి. తీరంలో రోజూ తినే ఉప్పుచేప బీపీని పెంచుతుంది.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడికి వచ్చే ప్రతి కిడ్నీ రోగికీ ఈసీజీ, కొవ్వు పరీక్ష, పొగాకు వివరాలు తప్పనిసరి చేయాలి. టెక్కలిలో గుండె నొప్పితో చేరే ప్రతి ఒక్కరికీ కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయాలి. ఉద్దానం కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ తక్కువగానే పోతుంది, కాబట్టి మూత్రపరీక్ష ఒక్కటే సరిపోదు. 50 ఏళ్లు దాటి, ఇంకా డయాలసిస్ మొదలవని కిడ్నీ రోగులకు కొవ్వు తగ్గించే స్టాటిన్ మందులు ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా అందాలి.