నమూనా కారు కొనేముందు స్కేలు పట్టుకెళ్ళండి

తాండూరులోనో, వికారాబాదులోనో ఒక బొమ్మల దుకాణానికి వెళ్ళి, "1964 నాటి పాంటియాక్ జీటీఓ కారు నమూనా కిట్టు ఉందా?" అని అడిగారనుకోండి. దుకాణదారు మిమ్మల్ని ఓసారి ఎగాదిగా చూస్తాడు. తర్వాత, వెనక్కి లాగి వదిలితే ముందుకు పరుగెత్తే ఎర్ర కారొకటి తీసి బల్లమీద పెడతాడు. "ఇదే బాబూ, తీసుకో" అంటాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆయన దగ్గరున్నది ఆటబొమ్మ. మీరు అడిగింది నమూనా. రెండూ కారులాగే ఉంటాయి, రెంటికీ నాలుగేసి చక్రాలుంటాయి. అయినా రెండూ ఒకటి కావు. ఈ తేడాని మన సైన్సు ప్రదర్శనల్లో కూడా మనం పట్టించుకోవడం లేదన్నది నా ఫిర్యాదు.

ముందు ఆ కారు సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. 1960లలో అమెరికాలో మధ్యరకం కారు శరీరంలో పెద్ద కారు ఇంజను బిగించి అమ్మడం మొదలుపెట్టారు. అలాంటి వాటికి మజిల్ కార్లని పేరు వచ్చింది. కండలు తిరిగిన కార్లన్నమాట. 1964 జీటీఓ ఇంజను పరిమాణం 389 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 6,400 ఘన సెంటీమీటర్లు. దాని శక్తి 325 అశ్వశక్తి. మన పాత అంబాసిడర్ ఇంజను 1,489 ఘన సెంటీమీటర్లు మాత్రమే. నాలుగు అంబాసిడర్ల ఇంజన్లు కలిపినా జీటీఓకి కాస్త తక్కువే! పెట్రోలు కూడా అలాగే తాగేవి. 1973లో చమురు ధరలు మండిపోయాక వాటి వైభవం తగ్గింది. ఆ కార్ల చరిత్ర మనకి ఇంతకన్నా అక్కర్లేదు.

కిట్టు సంగతి అలా కాదు, అది వివరంగా చూడదగ్గది. పెట్టె మీద తళతళలాడే కారు బొమ్మ ఉంటుంది. మూత తీస్తే కారు కనబడదు. తెల్లటివో బూడిదరంగువో ప్లాస్టిక్ చట్రాలుంటాయి. వాటికి కాడలతో అతుక్కుని చిన్న చిన్న ముక్కలుంటాయి: తలుపు, బానెట్, ఇంజను సగం, స్టీరింగ్ చక్రం. వాటిని కత్తిరించి, అంచులు రాకి, అతికించి, రంగులు వేసుకోవలసింది మీరే. జిగురూ రంగులూ పెట్టెలో సాధారణంగా ఉండవు. ఆ మాట పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొనేవాళ్ళు అది చదవరు!

ఆ ప్లాస్టిక్ పేరు పాలిస్టైరీన్. మనం బొమ్మలు చేసే థర్మోకోల్ కూడా అదే పదార్థం, గాలి బుడగలతో ఉబ్బించినదన్నమాట. కిట్టు జిగురు మైదా జిగురులా పైపైన అంటుకునేది కాదు. అది రెండు ముక్కల అంచులనూ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. తర్వాత ద్రావణి ఆవిరైపోయి, ఆ చోటు గట్టిపడుతుంది. అదే జిగురు చుక్క థర్మోకోల్ మీద పడితే అక్కడ గుంట పడుతుంది. ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు, పైగా మండే గుణం ఉన్నది. కాబట్టి కిటికీలు తెరిచి, దీపాలకూ పొయ్యిలకూ దూరంగా కూచుని అతికించాలి.

మరి ఈ కిట్లు మన బజార్లలో ఎందుకు దొరకవు? కారణం ఉక్కు అచ్చు. కరిగిన ప్లాస్టిక్‌ను ఎక్కువ ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. అచ్చు తయారీకి చాలా ఖర్చవుతుంది గాని, ఒకసారి తయారైతే దానిలోంచి వేలకు వేల ముక్కలు చవగ్గా తీయవచ్చు. అందుకే వేలమంది కొంటారనుకున్న కారుకే కిట్టు తయారవుతుంది. ఏఎంటీ అనే అమెరికా కంపెనీ వాళ్ళు 1960లలో చేసిన కొన్ని అచ్చులతో దశాబ్దాల తర్వాత కూడా కిట్లు పోతపోశారు. అచ్చు అరిగితే ముక్కల అంచుల్లో పలచటి రేకు మిగిలిపోతుంది. దాన్ని ఓపిగ్గా గీకెయ్యాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. పెట్టె మీద 1:25 అనో, 1:24 అనో రాసి ఉంటుంది. ఇదే నమూనా ప్రాణం. 1:25 అంటే అసలు కారులో 1 మీటరు పొడవున్నది నమూనాలో 4 సెంటీమీటర్లు. 1:24 ఇంగ్లీషు కొలతల వాళ్ళ లెక్క: అడుగుకు అరంగుళం. విమానాల కిట్లలో 1:72 ఎక్కువ. ఆరడుగుల మనిషి అందులో సరిగ్గా అంగుళం ఎత్తుంటాడు.

అంకె రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. స్కేలు తీయండి. జీటీఓ ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 115 అంగుళాలు, అంటే 2,921 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే సుమారు 117 మిల్లీమీటర్లు రావాలి. చేతిలో ఉన్నది 105 వచ్చిందంటే అది 1:25 కాదు. చిన్న లోహపు కార్లలో ఈ మాయ మరీ ఎక్కువ. ఒకే సైజు అట్టపెట్టెలో కారూ లారీ రెండూ పట్టాలి గనక లారీని ఇంకాస్త కుదించేస్తారు. రెండూ పక్కపక్కన పెడితే లారీ కారంతే కనిపిస్తుంది!

దీనికి మన ఊరి ఉదాహరణే ఒకటి చెబుతాను. సికింద్రాబాదు నుంచి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడీ వెళ్ళే రైలుమార్గం 1874 నాటిది. దాని పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ప్రపంచమంతటా ఎక్కువగా దొరికే బొమ్మరైళ్ళు 1:87 నిష్పత్తిలో ఉంటాయి. వాటి పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే. 87తో గుణించండి: దాదాపు 1,435 వస్తుంది. అది యూరపు, అమెరికాల పట్టా కొలత. మన రైలుకి 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. కాబట్టి వికారాబాదు జంక్షన్‌ను ఆ పట్టాల మీద కడితే, రంగులెంత బాగా వేసినా, మన రైలు కాళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తున్నట్టే.

"అయితే ఏమైంది, చూడటానికి బాగుంటే చాలదా?" అంటారేమో. చాలదు. నిష్పత్తి తెలిస్తేనే నమూనాను ప్రశ్నలు అడగగలం. పొడవు 25వ వంతయితే వైశాల్యం 25×25, అంటే 625వ వంతవుతుంది. ఘనపరిమాణం 15,625వ వంతవుతుంది. ఒకటిన్నర టన్నుల కారుని అదే పదార్థాలతో 1:25లో చేస్తే 96 గ్రాములే తూగుతుంది. 75 సెంటీమీటర్ల బల్ల మీంచి నమూనా కింద పడటం, నిష్పత్తి ప్రకారం చూస్తే, అసలు కారు ఆరంతస్తుల మేడమీంచి పడటంతో సమానం. అసలు కారు నుజ్జయిపోతుంది. నమూనాకి మహా అయితే అద్దం ఊడుతుంది. ఎందుకంటే బరువు 15,625 రెట్లు తగ్గింది గాని, బరువును మోసే అడ్డుకోత వైశాల్యం 625 రెట్లే తగ్గింది. చదరపు సెంటీమీటరు మీద పడే భారం 25 రెట్లు తక్కువన్నమాట. పెద్ద జంతువుల ఎముకలు అంత లావుగా ఎందుకుండాలో 1638లో గెలీలియో చెప్పిన తర్కమే ఇది.

సినిమాల వాళ్ళకు ఇది బాగా తెలుసు. 20 మీటర్ల లోయలో కారు పడటానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. 1:25 నమూనా 80 సెంటీమీటర్లు పడాలి, దానికి 0.4 సెకన్లు చాలు. అయిదు రెట్లు తొందరగా పడిపోతుంది గనక చూసేవాళ్ళకి వెంటనే "బొమ్మ!" అని తెలిసిపోతుంది. అందుకని సెకనుకు 24 చిత్రాలకు బదులు 120 తీసి, మామూలు వేగంతో చూపిస్తారు. 1957 నాటి మాయాబజార్‌లో ద్వారకను చిన్న నమూనాగానే కట్టి చిత్రీకరించారు. ఇళ్ళు కదలవు గనక అక్కడ ఈ చిక్కు లేదు.

ఇంజనీర్లు దీన్ని నిత్యం వాడుకుంటారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1916లో మొదలైన జల పరిశోధన కేంద్రంలో ఆనకట్టల నమూనాలు కట్టి నీళ్ళు వదిలి చూస్తారు. మజిల్ కార్లనే తీసుకున్నా, 1969లో వచ్చిన డాడ్జ్ చార్జర్ డేటోనా ముక్కునూ, వెనక నిలబడ్డ ఎత్తయిన రెక్కనూ గాలి సొరంగ పరీక్షలతో తీర్చిదిద్దారు. చిన్న నమూనాలతో కూడా పరీక్షించారు. 1970 మార్చిలో అలబామాలోని టల్లడేగా పందెపు బాటలో ఆ కారు గంటకు 200 మైళ్ళు దాటింది.

ఇప్పుడు మన సైన్సు ప్రదర్శనల దగ్గరికి రండి. థర్మోకోల్ ఆనకట్ట ఉంటుంది, దాని కింద మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషి ఆరడుగులైతే ఆనకట్ట ఎత్తు పద్దెనిమిది అడుగులు! పక్కనున్న చెట్టు ఆనకట్టకన్నా పొడుగు. న్యాయనిర్ణేతలు దీపాలు వెలిగాయా లేదా అని చూస్తారు. "దీని నిష్పత్తి ఎంత?" అని అడిగేవారు అరుదు. ఆ ఒక్క ప్రశ్న తప్పనిసరి చేయాలంటాను నేను. జవాబు చెప్పలేని నమూనాకి బహుమతి ఇవ్వకూడదు. అలంకరణకి వేరే బహుమతి పెట్టుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు.

కిట్లు కొనడం దండగ అనే పెద్దలతో నేను ఏకీభవించను. ఇంజను దేనికి తగులుకుని ఉంటుందో, ఇరుసు ఎక్కడ కూచుంటుందో చేతులతో తెలుసుకునే అవకాశం అది. బడికి ఒక్క కిట్టు తెప్పించుకుని అయిదుగురు కలిసి కట్టినా చాలు. కాని కిట్టు దొరికేదాకా చేతులు కట్టుకు కూచోవడం మాత్రం ఒప్పుకోను.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, పాత బండి ఒకటి ఎక్కడో ఒకచోట కనబడుతుంది. యజమానిని అడిగి టేపుతో కొలవండి. పొడవు సుమారు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662, ఇరుసుల మధ్య 2,464 దగ్గర రావాలి. 25తో భాగిస్తే 173, 66.5, 98.6. అట్ట మీద పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి కారు ఎలా ఉంటుందో మూడు బొమ్మలు గీసి కత్తిరించుకోండి. అతికించడానికి చదునైన పీట కావాలి. తాండూరు వాళ్ళకి దాని కరువేముంది? పాలిషు పట్టిన రెండడుగుల నాపరాతి బండ చాలు. చదునుగా ఉందో లేదో చూడటానికి దాని మీద స్టీలు స్కేలు అంచుని నిలబెట్టి, కిందనుంచి వెలుతురు వస్తోందేమో కనిపెట్టండి.

చక్రాలకు అందరూ నీళ్ళసీసా మూతలు పెడతారు. మూత దాదాపు 30 మిల్లీమీటర్లు. 25తో గుణిస్తే 75 సెంటీమీటర్లు వచ్చింది. అంబాసిడర్ చక్రం టైరుతో సహా 65 సెంటీమీటర్ల పైచిలుకే గనక మూత పెద్దదైపోయింది. పదిరూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. దాన్ని అట్ట మీద పెట్టి చుట్టూ గీయండి.