పేరొచ్చింది, పంతులు రాలేదు

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మొదలైతే చాలు, జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి నెట్ సెంటర్లలో ఒకటే ప్రశ్న: "సార్, డేటా సైన్స్ పెట్టాల్నా, ఏఐ పెట్టాల్నా?" అడిగేది పత్తి చేను మీద అప్పు తెచ్చిన తండ్రి, లేదంటే సింగరేణిలో మూడు షిఫ్టులూ చేసిన తండ్రి. జవాబు చెప్పేది కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. అతని తప్పేం లేదు, తనకు తెలిసింది చెబుతాడు. ఒక పిల్లవాడి నాలుగేళ్లనూ ఒక ఇంటి రెండెకరాలనూ తేల్చే ఆ ఘడియలో పక్కన నిలబడాల్సిన లెక్చరర్లు, విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యామండలి మాత్రం కనిపించరు. ఆ తండ్రిని అక్కడ ఒంటరిగా వదిలేసినవాళ్లను ఈ రోజు నిలదీయాలి.

తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ పక్కన డేటా సైన్స్ అన్న మాట 2020-21లో చేరింది. అప్పటి నుంచి సివిల్, మెకానికల్, ఈఈఈ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ బ్రాంచీలు పెంచుకోవడం యాజమాన్యాలకు ఏటా ఆనవాయితీ అయింది. 2024-25 నుంచి బ్రాంచీల సీట్లపై గరిష్ఠ పరిమితిని కూడా ఏఐసీటీఈ ఎత్తేసింది. బ్రాంచి మార్చడానికి దరఖాస్తూ అనుమతులూ చాలు. ఆ బ్రాంచి చెప్పగల అధ్యాపకుడు తయారు కావాలంటే పదేళ్లు కావాలి. ఆ పదేళ్ల ఖర్చు పెట్టడానికి ప్రభుత్వమూ సిద్ధపడలేదు, యాజమాన్యమూ సిద్ధపడలేదు. చాలాచోట్ల నిన్నటిదాకా సీ లాంగ్వేజ్ చెప్పిన మాస్టారే ఇవాళ మెషిన్ లెర్నింగ్ పుస్తకం పట్టుకుని తరగతికి వెళ్తున్నారు. మొదటి రెండేళ్ల సిలబస్ చాలావరకు సీఎస్‌ఈదే. డేటా సైన్స్‌కు వెన్నెముక అయిన స్టాటిస్టిక్స్‌ను రెండో ఏడాదిలో 'కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్' అన్న పేపరుతో దాటించేస్తారు, అదీ పరీక్షకు ముందు గైడు చదివి గట్టెక్కే పద్ధతిలో. నాలుగేళ్లు గడిచాక ఆ పిల్లలే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తిరుగుతూ, మళ్లీ ఫీజు కట్టి పైథాన్ నేర్చుకుంటున్నారు. పట్టా మీద ఉన్న విద్య కోసం పట్టా చేతికొచ్చాక మళ్లీ డబ్బు కట్టడం కంటే పెద్ద మోసం ఏముంటుంది?

తెలుగువాళ్లలో స్టాటిస్టిక్స్ శాస్త్రానికి ప్రపంచమంతా తలవంచేలా చేసినవారు సి.ఆర్.రావు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు, కలకత్తాలో స్టాటిస్టిక్స్‌లో ఎంఏ చేశారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన రాసిన వ్యాసంలోని ఫలితాలను నేటి డేటా సైన్స్ ఇంకా వాడుకుంటోంది. 2023లో 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ పురస్కారం దక్కింది. ఆయన మావాడని చెప్పుకునే తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటే 'అదేం కోర్సు, ఉద్యోగం వస్తుందా' అని ఇంట్లోవాళ్లే వెనక్కి లాగుతున్నారు. వాళ్లకు అలా అనిపించేలా చేసింది ఎవరు? ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఆ సబ్జెక్టును నీరసించనిచ్చినవాళ్లు కాదా?

భూపాలపల్లి జిల్లాకు ఆచార్య జయశంకర్ పేరు పెట్టుకున్నాం. ఆయన 1991 నుంచి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. ఈ మూడు జిల్లాల డిగ్రీ పిల్లలకు పట్టా ఇచ్చేది ఆ విశ్వవిద్యాలయమే. 1976లో పుట్టిన ఆ సంస్థతో సహా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి మించి ఖాళీగా ఉన్నాయి. ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించింది, కుర్చీలు మాత్రం నిండలేదు. పాలించిన పార్టీ మారినా లెక్క మారలేదు. ఆచార్యుడి పేరు జిల్లాకు పెట్టి, ఆయన కూర్చున్న విశ్వవిద్యాలయంలో ఆచార్యులు లేకుండా చేయడం ఆ పేరుకు అవమానం.

డేటా అంటే హైదరాబాద్ గచ్చిబౌలి అద్దాల మేడల్లోని వ్యవహారమని మన పిల్లలకు చెప్పారు. కానీ 2023 జులై చివర భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. ఆ ఒక్క రోజులో చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే ఏడాది అక్టోబరు 21న, అదే జిల్లాలో, మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. వాన లెక్క, వాగు మట్టం, పునాది కింద ఇసుక కదలిక, ఇదంతా డేటాయే. దాన్ని చదవాలంటే గణితంతో పాటు నీళ్ల సంగతి, మట్టి సంగతి తెలిసిన మనిషి కావాలి. సివిల్ చదివి స్టాటిస్టిక్స్ నేర్చినవాడు ఈ గడ్డకు ఎంత అవసరమో ఆ మూడు ఘటనలు చెప్పాయి. ఆ సివిల్ సీట్లనే మనం డేటా సైన్స్ పేరు కోసం కోసేసుకున్నాం. మానుకోట మిర్చి రైతుకు ధర అంచనా కట్టి చెప్పేవాడూ, జనగామ చెరువుల నీటి లెక్క తీసేవాడూ ఇలాంటి చదువు నుంచే రావాలి.

డబ్బు సంగతి ఇంకా దారుణం. పది వేలలోపు ర్యాంకు రాని బీసీ పిల్లవాడికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద వచ్చేది ఏడాదికి రూ.35 వేలు. పేరున్న కాలేజీ ఫీజు లక్ష దాటింది. మిగతాది తండ్రి భరించాలి. ఆ 35 వేలూ ప్రభుత్వం సకాలంలో ఇవ్వదు. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. నలిగింది విద్యార్థే. బకాయి వచ్చేదాకా సర్టిఫికెట్ ఇవ్వబోమన్న మాట వినని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు.

ఉన్నత విద్యామండలి చేయాల్సింది కష్టమైన పని కాదు. ప్రతి కాలేజీలో డేటా సైన్స్ బ్రాంచికి ఎవరు పాఠం చెబుతున్నారు, వారి చదువేమిటి అన్నది ఆప్షన్లకు ముందే తెలుగులో ప్రకటించాలి. అధ్యాపకులు లేని బ్రాంచికి విశ్వవిద్యాలయం చేత అనుబంధ గుర్తింపు ఆపించాలి. మూడు జిల్లా కేంద్రాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్లు కలిపి చెప్పే కోర్సును పూర్తికాలపు అధ్యాపకులతో నడపాలి. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, పేద పిల్లలకు ఫీజులో రాయితీ ఉంది. ఇప్పటికీ రైలు కూతే వినని భూపాలపల్లి పిల్లవాడికి ఈ సంగతి జూనియర్ కాలేజీలోనే ఎందుకు చెప్పడం లేదు?

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బీ కేటగిరీ (యాజమాన్య కోటా) సీటు కోసం భూమి అమ్మకండి. మంచి కాలేజీలో సీఎస్‌ఈయో, ఈసీఈయో, సివిలో దొరికితే అదే తీసుకోండి. పిల్లవాడికి లెక్కలంటే ప్రాణమైతే స్టాటిస్టిక్స్ డిగ్రీకి భయపడకండి. డేటా సైన్సే కావాలనుకుంటే, డబ్బు కట్టేముందు ఆ కాలేజీకి స్వయంగా వెళ్లి స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారి పేరు అడగండి. ఆ పేరు చెప్పలేని కాలేజీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి.