పని నేర్పు బాధ్యత ఎవరిది?

మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు వ్యాపించిన సైబరాబాదును ఎరుగని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు ఆ ప్రాంతమున కట్టడములకంటె బండరాళ్లే ఎక్కువగా నుండెను. నేడు రాష్ట్ర సమాచార సాంకేతిక రంగములో పనిచేయుచున్నవారి సంఖ్య 9 లక్షలు దాటినట్లు 2022-23 సంవత్సరపు ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. ఇంతటి పనిచోటు మన నగరములోనే ఉన్నను, డిగ్రీ పట్టాతో దాని వాకిట నిలిచిన విద్యార్థికి ఎదురగు మొదటి ప్రశ్న, "అనుభవమున్నదా?" అనునదే. పని దొరకనిదే అనుభవము రాదు. అనుభవము లేనిదే పని దొరకదు. ఈ చిక్కును విప్పుటకై ఏర్పడిన మార్గమే అప్రెంటిస్‌షిప్, అనగా పనిచోటనే పని నేర్చుకొను శిక్షణ.

ఈ మార్గము మన దేశములో చట్టరూపమున ఉన్నది, ప్రభుత్వ ధనసహాయమూ ఉన్నది. అయినను ఆశించిన ఫలము చేకూరలేదు. ఇందుకు కారణము ధనలోపమని కొందరు, విద్యార్థుల అనాసక్తి యని కొందరు అనుచున్నారు. మా అభిప్రాయము వేరు. చేరినవారెందరు, చెల్లించిన స్టైపెండు ఎంత అనువానికి లెక్కలున్నవి. కాని ఫలానా విద్యార్థికి ఫలానా పని నేర్పు బాధ్యత ఫలానా వ్యక్తిది అని పేరు పెట్టి చెప్పు ఏర్పాటు ఎక్కడను గట్టిగా లేదు. సంస్కరణము అక్కడనే ఆరంభము కావలెనని మేము తలంచుచున్నాము.

మన నగరమునకు ఇది క్రొత్త సంగతి కాదు. పాతబస్తీలో బిద్రీ పనివారి వద్దను, జర్దోజీ మగ్గముల వద్దను, లాడ్‌బజారులో గాజులు చేయువారి వద్దను ఉస్తాద్, షాగిర్ద్ అను సంబంధము తరతరములుగా నున్నది. తెలుగువారు దీనినే శిష్యరికమన్నారు. షాగిర్ద్ పనిలో తప్పు చేసిన, "ఇతని ఉస్తాద్ ఎవరు?" అని బజారు అడిగెడిది. పని రాకపోవుట శిష్యునికెంత చిన్నతనమో, గురువునకును అంత చిన్నతనము. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. పసిపిల్లలను బడి మాన్పించుట, ఏండ్ల తరబడి కూలి లేకుండ పని చేయించుకొనుట అందులోనివే. ఆ లోపములను మేము సమర్థించుట లేదు. నేర్పువానికి పేరుండుట అను ఒక్క గుణమును మాత్రము మరువరాదని మా మనవి.

యంత్రముల కాలము వచ్చిన పిమ్మట ఈ శిష్యరికము కర్మాగారములలోనికి ప్రవేశించినది. నిజాము కాలమునాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, తరువాత వచ్చిన ఆల్విన్, ప్రాగా టూల్స్, రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్., 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. వంటి సంస్థలలో ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు తయారైరి. 1961లో పార్లమెంటు అప్రెంటిసుల చట్టమును చేసినది. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులు, డిప్లొమా వారు ఆ చట్టము పరిధిలోనికి వచ్చిరి. ఆల్విన్, ప్రాగా నేడు లేవు. కర్మాగారముల స్థానమున కంప్యూటరు కార్యాలయములు వెలసినవి. చట్టమును కూడ కాలానుగుణముగా మార్చిరి. 2014 సవరణ సంస్థలు తమకు తగిన క్రొత్త వృత్తులను తామే ఎంచుకొనుటకు వీలిచ్చినది. 2019 నిబంధనలు 30 మంది లేక అంతకు మించి పనివారున్న ప్రతి సంస్థయు తన సిబ్బందిలో నూటికి రెండున్నర నుండి పదిహేను వరకు అప్రెంటిసులను తీసికొని తీరవలెనని విధించినవి. సాధారణ డిగ్రీ వారికి నెలకు కనీసము 9,000 రూపాయల స్టైపెండును అవే నిబంధనలు నిర్ణయించినవి. కేంద్ర ప్రభుత్వము 2016లో ఆరంభించిన ప్రోత్సాహక పథకము క్రింద ఒక్కొక్కరికి నెలకు 1,500 రూపాయల వరకు భరించుచున్నది.

ఒక చిన్న లెక్క వేసి చూతము. 9 లక్షల మందిలో నూటికి రెండున్నర వంతు 22,500. చిన్న సంస్థలను మినహాయించినను, ఒక్క ఈ రంగములోనే వేలకొలది శిక్షణ స్థానములు చట్టము ప్రకారము ఉండవలసి యున్నది. వానిలో బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివిన మన విద్యార్థులకు తగినవి అనేకము. లెక్కల విభాగము, వినియోగదారుల సేవ, సాఫ్ట్‌వేరు పరీక్ష, సమాచార నమోదు, కార్యాలయ నిర్వహణము వీనికి ఇంజనీరింగు పట్టా అవసరము లేదు.

మరి మన విద్యార్థులు ఎచ్చటికి పోవుచున్నారు? అమీర్‌పేటకు. మైత్రీవనము పరిసరములలోని శిక్షణ కేంద్రముల బోర్డులను చూచిన చాలును. నేర్చుకొనుటకు స్టైపెండు పొందవలసిన యువకుడు అక్కడ తానే ఎదురు రుసుము చెల్లించుచున్నాడు. ఆ కేంద్రములలో శ్రద్ధగా బోధించువారు ఉన్నారు. వారివలన ఉద్యోగములు పొందినవారును ఉన్నారు. కాని అక్కడ నేర్పునది పాఠము, పనిచోటు కాదు. కోర్సు పూర్తియైన తరువాత మరల అదే ప్రశ్న, "అనుభవమున్నదా?" ఆ నిరాశలోనే కొందరు దొంగ అనుభవ పత్రముల వలలో పడుచున్నారు. చదువు చారెడు, బలపాలు దోసెడు అను సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

యజమానుల వాదమును కూడ న్యాయముగా వినవలెను. "ఆరు నెలలు మా సిబ్బంది సమయము వెచ్చించి నేర్పుదుము, నేర్చిన మరునాడే వేరొక సంస్థ నాలుగు రూకలు ఎక్కువిచ్చి తీసికొనిపోవును. నేర్పుట మా వంతు, లాభము పొరుగువారి వంతు" అని వారి బాధ. కళాశాలల నుండి వచ్చువారికి ఒక ఉత్తరము సరిగా వ్రాయుట రాదని, సమయపాలనము లేదని కూడ వారందురు. ఇందులో సత్యము లేదని మేము అనజాలము.

విద్యార్థుల వాదమును వినుడు. "శిక్షణ యని పిలిచి చివరి వరకు ఒకే పట్టికలో అంకెలు నింపించిరి. ఏడాది తరువాత ధ్రువపత్రమిచ్చి పంపివేసిరి. మా స్థానమున మరియొక అప్రెంటిసును తెచ్చుకొనిరి" అని వారి ఫిర్యాదు. చట్టము కూడ అప్రెంటిసును శిక్షణార్థిగానే పరిగణించును గాని కార్మికునిగా కాదు. కనుక నేర్పు భాగము లోపించినచో, అది కార్మికుని హక్కులు లేని చౌక కూలిగా మారు ప్రమాదమున్నది.

కేవలము ప్రభుత్వ ధనముతో ఈ సమస్య తీరదని చెప్పుటకు ఇటీవలి నిదర్శనమొకటి కలదు. 2024 అక్టోబరులో కేంద్రము ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమును ప్రయోగాత్మకముగా ఆరంభించినది. పెద్ద సంస్థలలో 12 నెలల శిక్షణ, నెలకు 5,000 రూపాయలు. మొదటి విడతలో 82 వేలకు పైగా అవకాశపత్రములు పంపగా, అంగీకరించినవారు సుమారు 28 వేలు. చేరినవారు 9 వేలకు లోపు. పనిచోటు దూరమగుట, కాలవ్యవధి ఎక్కువగుట, ఇచ్చిన పని నచ్చకపోవుట కారణములని తేలినది. యువకులు సోమరులైరని నిందించుట సులభము. ఊరు విడిచి వచ్చి మాదాపూరులో గది అద్దెకు తీసికొని భోజనము చేయవలసిన వానికి 5,000 రూపాయలు ఎన్ని దినములకు వచ్చునో లెక్కించినవారు అట్లు నిందింపరు.

ఇతర దేశముల అనుభవము మనకు కొంత దారి చూపగలదు. జర్మనీలో 1969 నాటి చట్టము ప్రకారము విద్యార్థి వారములో మూడు నాలుగు దినములు సంస్థలోను, మిగిలిన దినములు వృత్తి పాఠశాలలోను నేర్చుకొనును. పరీక్ష జరుపునది సంస్థ కాదు, వర్తక పరిశ్రమల మండలి. అన్నిటికంటె ముఖ్యముగా, సంస్థలో నేర్పు వ్యక్తి తనకు పని వచ్చునని మాత్రమే కాక, నేర్పుట కూడ వచ్చునని నిరూపించుకొనవలెను. బ్రిటనులో 2017లో పెద్ద సంస్థలపై వేతనముల మొత్తములో నూటికి అర వంతు పన్ను విధించి, ఆ సొమ్మును అప్రెంటిస్‌షిప్‌కు కేటాయించిరి. అందులో గణనీయమైన భాగము అప్పటికే ఉద్యోగములలో నున్నవారి పై శిక్షణకు పోయినది. క్రొత్తగా చేరు యువకుల సంఖ్య తగ్గినది. సొమ్ము ఎవరికొరకో స్పష్టముగా నిర్దేశింపనిచో అది బలవంతుల వైపే ప్రవహించునని దీనివలన తెలియుచున్నది.

ఈ విషయములన్నిటిని ఆలోచించి మేము కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది: ప్రతి అప్రెంటిసు ఒప్పందములోను నేర్పు వ్యక్తి పేరు ఉండవలెను. వారములో కొన్ని గంటలు అతని పని నేర్పుటయేనని సంస్థ గుర్తించి, అతని పదోన్నతిలో దానిని లెక్కింపవలెను. ప్రభుత్వ సహాయములో కొంత భాగమును ఈ ఉస్తాదుల శిక్షణకు కేటాయించుట మేలు.

రెండవది: మూడేసి నెలలకు ఏమి నేర్పుదురో మొదటి దినముననే వ్రాసి ఇయ్యవలెను. చివర పరీక్ష సంస్థకు వెలుపలి వారు జరుపవలెను. అట్టి ధ్రువపత్రమును ఏ సంస్థయైనను నమ్మగలదు.

మూడవది: ఉద్యోగ విషయములో దాపరికము ఉండరాదు. శిక్షణ ముగించినవారిని చేర్చుకొను విధానమును ప్రతి యజమానియు ఏర్పరచుకొనవలెనని చట్టమే చెప్పుచున్నది. తక్కిన యోగ్యతలు సమానమైనచో శిక్షణ పొందినవారికి ప్రాధాన్యమీయవలెనని సుప్రీంకోర్టు 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యములో చెప్పియున్నది. ఆ విధానము విద్యార్థికి చేరునాడే తెలియవలెను. యజమాని భయమునకు కూడ ఇదే విరుగుడు. రేపటి స్థానము తెలిసినవాడు తొందరపడి సంస్థ మారడు.

నాలుగవది: చిన్న సంస్థలు ఒక్కొక్కటిగా నేర్పజాలవు. పది సంస్థలు కూడి ఒక శిక్షణ కేంద్రమును పంచుకొనిన ఖర్చు తగ్గును. నేర్చినవాడు ఆ పదింటిలో ఎచ్చటికి పోయినను నష్టము లేదు.

ఇక మన కళాశాల సంగతి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2025లో వెలువరించిన మార్గదర్శకములు మూడేండ్ల డిగ్రీలో ఒకటి నుండి మూడు సెమిస్టర్ల వరకు అప్రెంటిస్‌షిప్‌ను చదువులో భాగముగా చేర్చుటకు అవకాశమిచ్చినవి. రాష్ట్ర ప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను అధునాతన కేంద్రములుగా మార్చు కార్యక్రమమునకు 2024లో మన మల్లేపల్లిలోనే నాంది పలికినది. అదే సంవత్సరము నైపుణ్య విశ్వవిద్యాలయ చట్టమును చేసినది. ఇవి మన వద్దకు నడచి రావు, మనమే పోవలెను. కళాశాల పాలకవర్గము వారు ఒక అధ్యాపకుని ఈ పనికి ప్రత్యేకముగా నియమించి, వచ్చే విద్యాసంవత్సరములో ఒక్క తరగతితోనైనను ఈ ప్రయోగము ఆరంభింపవలెనని ప్రార్థించుచున్నాము. ఏ సంస్థ మన విద్యార్థులకు ఏమి నేర్పినదో ఆ అధ్యాపకుడు నెలకొకసారి పోయి చూచి రావలెను. నేర్పని సంస్థకు మరుసటి ఏడు మన విద్యార్థులను పంపరాదు.

మన విద్యార్థులకు ప్రత్యేకమైన ఇబ్బందులు రెండు కలవు. ఉర్దూ మాధ్యమములోను, తెలుగు మాధ్యమములోను చదివి వచ్చినవారికి పని చేతనైనను, ఇంగ్లీషులో చెప్పుకొనలేక వెనుకబడుచున్నారు. పంపుటకు ముందు ఆరు నెలలు కార్యాలయ భాషను నేర్పిన ఈ కొరత చాలవరకు తీరును. రెండవది ప్రయాణము. చార్మినారు ప్రాంతపు విద్యార్థిని మెట్రో కొరకు ఎం.జి.బి.ఎస్. చేరి, అమీర్‌పేటలో బండి మారి, హైటెక్ సిటీ చేరవలెను. రాత్రి పాళీ యున్నచో తలిదండ్రులు పంపుటకు జంకుదురు. పగటి పాళీ, రవాణా ఏర్పాటు ఒప్పందములోనే వ్రాయించిన గాని మన ఆడపిల్లలకు ఈ మార్గము తెరచుకొనదు.

"డిగ్రీ చదువుచున్నవారు అప్రెంటిసులుగా పోవుట చిన్నతనము కాదా?" అని కొందరు పెద్దలు మమ్ము అడిగిరి. వైద్యుడు ఆస్పత్రిలోను, న్యాయవాది సీనియరు వద్దను నేర్చుకొనుట చిన్నతనము కానప్పుడు ఇదియు కాదు. పైగా, ఇదివరకు క్రొత్తవారికి అప్పగించుచుండిన చిన్న పనులను కృత్రిమ మేధ చేయ మొదలిడినది. చిన్న పనులు చేయుచు పెద్ద పని నేర్చుకొను మెట్లు తరుగుచున్నవి. బుద్ధిపూర్వకముగా నేర్పు ఏర్పాటు లేనిచో రేపటి తరము లోనికి ప్రవేశించు దారియే మూసికొనిపోవునని మా భయము.

సోదర విద్యార్థులకు ఒక్క మాట. ఉస్తాదును కోరు హక్కు మనకెంత ఉన్నదో, మంచి షాగిర్దుగా నుండు బాధ్యతయు అంతే ఉన్నది. వేళకు పోవుట, తెలియనిది అడుగుట, ఒప్పుకొన్న గడువు పూర్తి చేయుట మన వంతు. మొదటి బృందము మాట నిలుపుకొనిన, రెండవ బృందమునకు అవకాశము కొరకు కళాశాల వేడుకొనవలసిన పని ఉండదు. పాలకవర్గము వారు ఈ విన్నపమును రానున్న సమావేశమునందే చర్చింతురని ఆశించుచున్నాము.