మొక్కల లెక్కకు అందని అడవి

తొలకరి పడిందంటే మన అటవీ సిబ్బందికి ఊపిరి సలపదు. నర్సరీల నుంచి మొక్కలు దింపుకోవాలి, గుంతలు తీయించాలి, నాటించాలి, ఫొటోలు పంపాలి, ఎన్ని బతికాయో ప్లాంటేషన్ జర్నల్‌లో రాయాలి. ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బోడిగుట్టల మీద, నరికేసిన కూపుల్లో మొక్క నాటాల్సిందే. కానీ ఏడాది పనికి ఆ లెక్కే కొలత అయినప్పుడు, బీటు అధికారి కాపాడాల్సిన అడవిలో సగం ఆయన కంటికే ఆనదు. అడవి కొలువులో చేరే యువతకు మనం ఇచ్చే శిక్షణ ఆ సగాన్ని చూపించాలి.

కడప జిల్లా లంకమల సంగతే తీసుకుందాం. సిద్ధవటం, బద్వేలు వైపు కొండల దిగువన పరుచుకున్న నేలను అడవి అనడానికి చాలామంది తటపటాయిస్తారు. రేగు, తుమ్మ, కలివి పొదలు, వాటి మధ్య గులకరాళ్ళ ఖాళీలు. పెద్ద చెట్లనే అడవి అనుకునే కంటికి ఇది పాడైపోయిన చోటు, మొక్కలు నాటడానికి సిద్ధంగా ఉన్న జాగా. ఈ కాలంలో ఆంధ్రప్రదేశ్ దాటి ఎక్కడా నమోదు కాని కలివికోడికి ఆ ముళ్ళపొదలే ఆధారం. 1848లో టి.సి. జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షి, 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకులాట మొదలుపెట్టాక, 1986 జనవరిలో ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది అక్కడి పల్లెటూరి మనిషే. దాని కోసం 1988లో అక్కడే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే ఆ పక్షిని అధ్యయనం చేయడానికి పరిశోధకులు ఎంచుకున్న పద్ధతిని ప్రతి అటవీ అకాడమీలోనూ పాఠంగా చెప్పాలి. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి చదును చేసేవారు. తెల్లారి వెళ్ళి అడుగుజాడలు చూసేవారు. కలివికోడి పాదానికి మూడే వేళ్ళు, వెనకవేలు ఉండదు. తీతువు అడుగుతో పొరబడకుండా ప్రతి ముద్రనూ కొలిచేవారు. అలా నెలల తరబడి కొలిచి తేల్చిన విషయాన్ని 2004లో ప్రచురించారు. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పొదలు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యిలోపు ఉన్న చోట్లలోనే కలివికోడి ఉండే అవకాశం ఎక్కువ. పొదలు మరీ చిక్కబడినా, మరీ పలచబడినా దానికి పనికిరాదు. పశువుల మేత, వంటచెరకు ఒక మోతాదులో సాగితే ఆ ఖాళీలు నిలుస్తాయి. మోతాదు మించితే పొదలే మిగలవు.

ఈ సంగతి తెలిసిన బీటు అధికారి అక్కడ గుంతలు తీయించే ముందు ఆగుతారు. తెలియని అధికారి ఎంతో నిజాయతీగా, ఎండలో నిలబడి, అడవిని పెంచుతున్నానన్న నమ్మకంతోనే ఆ పక్షికి నిలువ నీడ లేకుండా చేస్తారు. ఆ తప్పు ఆయనది కాదు. ఆయనకు నేర్పినవాళ్ళది, ఆ పనినే లెక్కలోకి తీసుకున్నవాళ్ళది.

ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యం ఉండదు. 1864లో జర్మనీకి చెందిన డీట్రిక్ బ్రాండిస్ మన దేశానికి తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యారు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల తెరిచారు. రైలు పట్టాల కింది స్లీపర్లకు, పడవలకు, భవనాలకు కలప ఆగకుండా అందాలన్నది అప్పటి అవసరం. ఏ కూపు ఏ ఏడాది కొట్టాలి, ఎన్ని ఘనపుటడుగుల కలప వస్తుంది, తిరిగి ఏం నాటాలి అన్న లెక్క చుట్టూ వర్కింగ్ ప్లాన్లు అల్లుకున్నాయి. తర్వాత కాగితపు మిల్లుల కోసం జామాయిల్ తోటలు వచ్చాయి. 1988 జాతీయ అటవీ విధానం ఈ వరసను తిరగేసింది. పర్యావరణ సమతుల్యతే ప్రధానమని, ఆదాయం దాని తర్వాతే అని చెప్పింది. 2014 వర్కింగ్ ప్లాన్ కోడ్ జీవవైవిధ్యాన్ని అంచనా వేయడాన్నీ ప్రణాళికలో చేర్చింది. కాగితం మీద మలుపు తిరిగింది. బీటు స్థాయిలో చేసే పని ఇంకా ఆ మలుపు దాటలేదు.

దాటకపోవడానికి డబ్బు దారీ ఒక కారణం. ప్రాజెక్టుల కింద అడవి పోయినప్పుడు వచ్చే పరిహారం, 2016 పరిహార వనీకరణ నిధి చట్టం కింద నడిచే కంపా నిధులు, ఏటా వచ్చే పచ్చదనం కార్యక్రమాలు అన్నీ మొక్కల సంఖ్యను అడుగుతాయి. సంఖ్య కోసం పరుగెత్తితే ఏం నాటుతున్నామన్న ప్రశ్న వెనకబడుతుంది. వేగంగా పెరుగుతుందని నాటిన కోనోకార్పస్‌ను తెలంగాణ 2022లో నర్సరీల నుంచే తొలగించమనాల్సి వచ్చింది. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టుకున్నాం. ఆ పక్షికి కావలసింది కనుచూపు మేర గడ్డి. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే గగనమైంది. గడ్డినేలను గడ్డినేలగా కాపాడటం కూడా అటవీ నిర్వహణేనని మనం ఇంకా గట్టిగా నేర్పలేదు.

మరి ఏం నేర్పాలి? మొదట, ఉన్నదాన్ని ఉంచడం నేర్పాలి. టేకు అడవిలో నిలువునా ఎండిన మాను కనిపిస్తే తీసెయ్యాలనే అనిపిస్తుంది. దాని దగ్గర కాసేపు నిలబడమనాలి. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రను మరుసటేడు చిలుక ఆక్రమిస్తుంది, ఆ పైన గోరింక, గుడ్లగూబ పిల్ల చేరతాయి. బెరడు కింద పురుగులు, వాటి కోసం వచ్చే బల్లులు, మొదలు దగ్గర పుట్టగొడుగులు ఉంటాయి. కొత్తగా నాటిన వెయ్యి మొక్కలు ఆ తొర్రను ఇవ్వాలంటే దశాబ్దాలు పడుతుంది. ఏ మానును ఉంచాలి, ఏది దారి మీద కూలే ప్రమాదం ఉంది కాబట్టి తీయాలి అన్న విచక్షణ తరగతి గదిలో రాదు. చెట్టు కిందే వస్తుంది. వాగు ఒడ్డున ఎంత మేర ముట్టుకోకూడదో, లాంటానా పొదను ఏ నెలలో వేళ్ళతో పెకలించాలో, తీసిన చోట మళ్ళీ అదే మొలవకుండా ఏ స్థానిక గడ్డి చల్లాలో కూడా అక్కడే తెలుస్తుంది. కాబట్టి శిక్షణలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక చిన్న అడవి ముక్క అప్పగించాలి. వేసవిలో, వానల్లో, చలికాలంలో దాన్ని చూసి ఏం మారిందో రాయించాలి. ఆ నోటుపుస్తకానికి మార్కులు వేయాలి.

రెండోది, పాఠం చెప్పేవాళ్ళ సంగతి. నల్లమలలో పులుల రక్షణ శిబిరాల్లో చెంచులు ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో, ఎలుగు ఏ దారిన నీళ్ళకు వస్తుందో వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళ జ్ఞానాన్ని కాపలా పనికే పరిమితం చేయడం మనకే నష్టం. దూలపల్లిలోనూ, రాజమహేంద్రవరంలోనూ ఉన్న అకాడమీలు వాళ్ళను గౌరవ వేతనంతో, బోధకుల హోదాతో పిలవాలి. ములుగు అటవీ కళాశాలలో చదివిన పట్టభద్రులు వాళ్ళ పక్కన నడిచి, విన్నదాన్ని శాస్త్రం భాషలోకి తేవాలి.

“ఎర్రచందనం ముఠాలతో, ఆక్రమణలతో, ఖాళీ పోస్టులతో సతమతమవుతుంటే పిట్టల లెక్కలు ఎక్కడ రాసేది?” అని క్షేత్రస్థాయి సిబ్బంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాత్రిళ్ళు ప్రాణాలకు తెగించి అడవిలో తిరిగేవాళ్ళ మీద ఇంకో రిజిస్టరు మోపితే అది శిక్షే అవుతుంది. అందుకే పోస్టులు నింపాలి, ఉన్న రిజిస్టర్లలో పనికిరానివి తీసెయ్యాలి. అదీగాక, తన బీటులో ఏ చెట్టెక్కడుందో, ఏ జాడ ఎవరిదో ఎరిగిన అధికారికి కొత్త గొడ్డలి గాటూ, తెలియని చెప్పు ముద్రా ముందుగా కనిపిస్తాయి. అడవిని చదవడం వచ్చినవాళ్ళే దాన్ని బాగా కాయగలరు.

అన్నిటికన్నా ముఖ్యంగా కొలత మారాలి. పని అంచనాలో మొక్కల సంఖ్య ఒక్కటే ఉన్నంత కాలం ఎంత మంచి శిక్షణ అయినా అకాడమీ గేటు దాటగానే ఆవిరైపోతుంది. ప్రతి ప్లాంటేషన్ జర్నల్‌లో మొదటి పేజీ, గుంతలు తీయక ముందు అక్కడ ఏయే జీవాలున్నాయో రాయడానికి ఉండాలి. “ఇక్కడ నాటకూడదు” అని కారణాలతో రాసిన బీటు అధికారికి, నాటినవాళ్ళతో సమానంగా గుర్తింపు దక్కాలి. ఆ నిధిని సహజంగా మొలిచే మొక్కల రక్షణకు, గడ్డినేలలకు, వాగుల ఒడ్డుకు మళ్ళించే అధికారం రేంజి స్థాయిలోనే ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలు వచ్చే శిక్షణ బ్యాచి నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1988 విధానం ఇచ్చిన మాటను బీటు దాకా తీసుకెళ్తే చాలు.