గిన్నె కొరియాది, మాంసం ఎవరిది?

పదిహేను నిమిషాల్లో కొరియా పద్ధతిలో గొడ్డుమాంసం కైమా వండుకోవచ్చునని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అన్నం ముందే వండి పెట్టుకున్నవాడికి అది అక్షరాలా నిజం. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు ఇళ్ళలో కొన్నింటిలోకి, ముఖ్యంగా 2020లో గడప దాటకుండా కూర్చుని కొరియా ధారావాహికలు చూడడం అలవాటైన తరవాత, ఈ వంటకం చడీచప్పుడూ లేకుండా వచ్చి చేరింది. చేరనివ్వండి. నేనూ నెలకు రెండుసార్లు చేస్తాను. నా తగాదా వంటతో కాదు, దాని పేరులోంచి ఒక్క మాటను నేర్పుగా తప్పించే మన లౌక్యంతో.

మొన్నామధ్య మా ఊళ్ళో పది పన్నెండు తెలుగు కుటుంబాలం ఒకరింట కలుసుకున్నాం. తలా ఒక వంటకం తెచ్చుకోవడం, గిన్నె ముందు అదేమిటో తెలిపే చీటీ పెట్టడం మా ఆనవాయితీ. నేను ‘గొడ్డుమాంసం కైమా, కొరియా పద్ధతి’ అని రాసి పెట్టాను. ఆ ఇంటి ఇల్లాలు చీటీ చదివి, గొంతు తగ్గించి, “అన్నయ్యగారూ, ఆ మాట ఎందుకండీ? ‘కొరియన్ బౌల్’ అని రాయండి. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది” అన్నది. నేను మారు మాట్లాడకుండా చీటీ మార్చాను. కింద చిన్న అక్షరాలతో ‘మాంసాహారం’ అని చేర్చి, నా బాధ్యత తీరిందనుకున్నాను. అరగంటలో గిన్నె ఖాళీ అయింది. అందులో మేక కైమా అనుకుని తిన్నవాళ్ళెందరో నాకు ఈనాటికీ తెలియదు. గొడ్డుమాంసం తినకూడదని నియమం పెట్టుకున్నవాడి నియమాన్ని మన్నించడం నా విధి. ఆ రోజు అదీ చెయ్యలేదు. కనుక ఈ అభియోగంలో మొదటి ముద్దాయిని నేనే.

సరే, ముందు వంట సంగతి. ఒక పౌను కైమా, అంటే దాదాపు 450 గ్రాములు, నలుగురికి సరిపోతుంది. నూటికి పదిహేను నుంచి ఇరవై పాళ్ళు కొవ్వు ఉన్నది తెచ్చుకోవాలి. ఆరోగ్యం పేరు చెప్పి కొవ్వంతా తీసేసిన మాంసం తెస్తే రంపపు పొట్టు తిన్నట్టే ఉంటుంది. ఇనుప మూకుడు బాగా కాలనిచ్చి, నూనె వెయ్యకుండానే మాంసాన్ని పరిచి, రెండు మూడు నిమిషాలు దాని జోలికి పోకూడదు. మనవాళ్ళ చెయ్యి ఆగనిది ఇక్కడే. వేసింది మొదలు అట్లకాడతో కలియబెడుతూనే ఉంటారు. నీళ్ళు ఊరి, వేగవలసిన మాంసం ఉడికి, బూడిదరంగుకు తిరుగుతుంది. అడుగు ఎర్రగా కాలిన తరవాత తిరగేసి, చిదిపి, పచ్చి పూర్తిగా పోయేదాకా వేయించాలి. లోపల కాస్త పచ్చిగా ఉంటేనే రుచి అనే షోకు ఇక్కడ పనికిరాదు. ముక్కగా ఉన్న మాంసానికి పైపైన మాత్రమే ఉండే సూక్ష్మజీవులు కైమా కొట్టినప్పుడు లోపలికంతా కలిసిపోతాయి. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 డిగ్రీల సెల్సియస్ వేడి మధ్యభాగానికి చేరవలసిందే.

ఎక్కువైన కొవ్వు వంచేసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలూ అంగుళం అల్లమూ దంచి వేసి, పచ్చివాసన పోగానే పావు కప్పు సోయా సాస్, రెండు పెద్ద చెంచాల బెల్లంపొడి, ఒక పెద్ద చెంచా గోచుజాంగ్ వెయ్యాలి. వేరే ఉప్పు అక్కరలేదు. తీపి ముందే వేస్తే మాడుతుంది కనుక దాని స్థానం చివరే. గోచుజాంగ్ చూపుకు మన పండుమిరపకాయల పచ్చడికి దూరపు చుట్టంలా ఉంటుంది గాని, మిరపపొడిని జిగురుబియ్యంతో, పులియబెట్టి ఎండబెట్టిన సోయాగింజల పిండితో, ఉప్పుతో కలిపి నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద అది. (మిరపకాయ వాళ్ళకూ మనకూ సముద్రాలు దాటి వచ్చినదే. అయినా అది లేని రోజులు ఉండేవని ఒప్పుకోవడానికి గుంటూరులోనూ ఎవరికీ మనసొప్పదు, సియోల్‌లోనూ ఒప్పదనుకుంటాను.) నువ్వులనూనె మాత్రం మూకుడు దించిన తరవాతే, రెండు చిన్న చెంచాలు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది. వాళ్ళది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురురంగు నూనె, దానికి పరిమళమే ప్రాణం, మంట మీద ఆ ప్రాణం నిలవదు. పైన ఉల్లికాడల తరుగు, వేయించిన నువ్వులు. వేడి అన్నం. పక్కన కీరదోస ముక్కలు. అంతే.

ఇది అసలు కొరియా వంట కాదని తేల్చే పండితులు ఉన్నారు. వాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. ‘బుల్’ అంటే నిప్పు, ‘గోగి’ అంటే మాంసం. బుల్గోగి అంటే పల్చగా కోసిన మాంసాన్ని సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, నువ్వులనూనె, బేరిపండు గుజ్జులో నానబెట్టి సెగ మీద కాల్చేది. బేరిపండులోని ఎంజైములు మాంసాన్ని మెత్తబరుస్తాయి. కైమాకు ఆ పని యంత్రం ముందే చేసిపెట్టింది కనుక పండూ అక్కరలేదు, నానబెట్టడమూ అక్కరలేదు. పదిహేను నిమిషాల రహస్యమంతా అదే. కొరియాలోనూ కైమా లేకపోలేదు. పక్కటెముకల మాంసాన్ని కొట్టి బిళ్ళలుగా కాల్చే తొక్‌కల్బి ఉంది, కైమాతో గోచుజాంగ్‌ను వేయించి నిలవ చేసుకునే యక్‌గోచుజాంగ్ ఉంది. అన్నం మీద వేసుకునే ఈ రూపం మాత్రం అమెరికా వంటిళ్ళలో కుదురుకున్నది. 1965 నాటి వలస చట్టం తెరిచిన తలుపులోంచే కొరియావాళ్ళూ వచ్చారు, తెలుగువాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళు ఎక్కడ ఏది దొరికితే దానితో వండుకుంటారు. ఇంతకన్నా ఆ చర్చకు విలువ లేదు.

విలువైన ప్రశ్న వేరే ఉంది. నిప్పు మీదికి చేరకముందు ఆ మాంసాన్ని కోసిన చెయ్యి ఎవరిది?

జొసన్ రాజుల కాలంలో పశువధను నిషేధిస్తూ పదేపదే ఆజ్ఞలు వెలువడ్డాయి. ఎద్దు లేకపోతే దుక్కి లేదు కనుక. పదేపదే వెలువడ్డాయంటేనే అవి ఎంత బాగా అమలయ్యాయో తెలుస్తుంది. 1849 నాటి ‘దొంగుక్ సెసిగి’ అనే గ్రంథం, చలికాలం మొదట్లో సియోల్‌వాసులు నిప్పుల కుంపటి చుట్టూ కూర్చుని, నూనె, సోయా సాస్, వెల్లుల్లి పట్టించిన గొడ్డుమాంసం కాల్చుకు తినే వేడుకను వర్ణిస్తుంది. తినడం మర్యాదస్థుల వేడుక. ఆ పశువును కోసినవాడు మాత్రం బెక్‌జొంగ్.

ఈ పేరు చరిత్ర చూడండి. 1423లో సెజొంగ్ రాజు, ఊరి వెలుపల తిరిగే కొన్ని హీన వర్గాలను సామాన్య ప్రజలలో కలపాలని, సామాన్యుడు అనే అర్థం ఉన్న ‘బెక్‌జొంగ్’ పేరు వాళ్ళకు పెట్టించాడు. సామాన్యులు వాళ్ళను తమలో కలుపుకోలేదు. ఆ పేరునే వదిలేసుకున్నారు. అది కసాయివాడికి, వెలివాడ మనిషికి తిట్టుగా మిగిలింది. మంచి పేరు పెడితే మనిషికి మర్యాద వస్తుందనుకునే సంస్కర్తలు మనలోనూ తక్కువేమీ కాదు. బెక్‌జొంగ్‌లు పట్టు కట్టకూడదు, పెద్దమనిషి గుర్తు అయిన గుర్రపువెంట్రుకల టోపీ పెట్టకూడదు, ఇతరులతో కలిసి ఉండకూడదు. 1894 సంస్కరణలు ఈ భేదాలను చట్టంలోంచి తీసేశాయి. సియోల్‌లో పాక్ సొంగ్‌చున్ అనే కసాయి క్రైస్తవం పుచ్చుకుని చర్చిలో కూర్చుంటే, పక్కన కూర్చోలేక కొందరు పెద్దకులాలవాళ్ళు వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆయనే 1898లో రాజధాని నడిబొడ్డున జరిగిన ప్రజాసభలో ప్రసంగించాడు. ఆయన కొడుకు పాక్ సొయాంగ్ 1908లో సెవరెన్స్ వైద్యవిద్యాలయం తొలి జట్టు ఏడుగురిలో ఒకడుగా వైద్యుడై బయటికి వచ్చాడు.

అయినా జపాను పాలనలోని కుటుంబ రిజిస్టర్లలో వాళ్ళ పుట్టుక గుర్తుపడే ఆనవాళ్ళు మిగిలే ఉన్నాయి, పిల్లల బడి ప్రవేశానికి అవే అడ్డు పడ్డాయి. ఆ అవమానం నుంచే 1923లో, సెజొంగ్ పెట్టిన పేరుకు సరిగ్గా 500 ఏళ్ళకు, దక్షిణాన జింజు పట్టణంలో ‘హ్యొంగ్‌ప్యొంగ్‌సా’ పుట్టింది. తక్కెడలా సమానమైన సమాజాన్ని కోరే సంఘం అని అర్థం. కసాయివాడి చేతిలోని తక్కెడ కన్నా గొప్ప జెండా ఏ ఉద్యమానికి దొరికింది? దాన్ని ఎదిరించిన ఊరివాళ్ళు చేపట్టిన ఆయుధాలలో ఒకటి గొడ్డుమాంసం కొనకుండా ఉండడం. అంటే, తినడం మానుకోవడానికైనా సిద్ధపడ్డారు గాని, కోసేవాడు తమతో సమానమని ఒప్పుకోవడానికి సిద్ధపడలేదు.

ఈ కథ చదువుతుంటే నాకు కొరియా కనబడలేదు. హాస్టల్ భోజనాల గది కనబడింది. సెలవుల తరవాత మా సహపాఠి ఒకడు ఇంటి నుంచి ఎండబెట్టిన తునకలు తెచ్చుకుని, వేయించి, అన్నంలో నంజుకునేవాడు. మేం ఐదారుగురం కంచాలు తీసుకుని ఇంకో బల్లకు మారేవాళ్ళం. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకుండా లేచాం. ఆ ఐదారుగురిలో ఇద్దరం ఇవాళ అమెరికాలో ఉన్నాం, ఇద్దరం గొడ్డుమాంసం తింటాం. అది ‘స్టేక్’, ‘బర్గర్’, ‘బుల్గోగి’ అయినంతకాలం మాకే ఇబ్బందీ లేదు. ‘పెద్దకూర’ అంటే మాత్రం ఈనాటికీ ముఖంలో ఏదో కదులుతుంది.

“అది వేరు, ఇది వేరు” అని నాకు జవాబు చెబుతారు. నిజమే, వేరే. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గోవధను నిషేధించింది. తెలంగాణలోనూ అదే చట్టం నడుస్తున్నది. కనుక అక్కడి పెద్దకూర చాలావరకు దున్నపోతుది, వట్టిపోయిన బర్రెది. అమెరికా అంగడిలో మనం కొనే కైమా ఆవుది, ఎద్దుది. గోవు పవిత్రతే అభ్యంతరమైతే ముందుగా తలదించుకోవలసినది ఎవరు? బర్రెమాంసం తిన్న సహపాఠా, ఆవుమాంసం తిని కూడా వాణ్ణి చూసి ముక్కు మూసుకునే నేనా? అప్పుడు రెండో జవాబు వస్తుంది: శుభ్రత. నురగపళ్ళెంలో, ప్లాస్టిక్ పొర కింద, రక్తం పీల్చే మెత్త పైన కూర్చున్న మాంసం శుభ్రంగానే కనిపిస్తుంది, కోసినవాడు కనిపించడు కనుక. 2020 వసంతంలో అమెరికా మాంసం కర్మాగారాలలో కరోనా ప్రబలినప్పుడు ఒక్కసారి కనిపించారు. భుజానికి భుజం తగిలేలా నిలబడి కోసే ఆ కార్మికులలో వలసవచ్చినవాళ్ళెందరో అప్పుడు లోకానికి తెలిసింది. తరవాత మళ్ళీ మరిచిపోయాం.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకున్నారు. మెస్సులో మా తిండి కూడా తిండే అనిపించుకోవడానికి. ఘర్షణ జరిగింది, ఒక విద్యార్థి కత్తిపోటు తిన్నాడు. 2015లో మళ్ళీ తలపెడితే న్యాయస్థానం ఉత్తర్వుతో ఆగిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడ మన విందుల్లో జరిగిన చర్చలు నాకు గుర్తున్నాయి. “తినాలనుకుంటే ఇంట్లో తినొచ్చుగా, పండగ చెయ్యడమెందుకు, రెచ్చగొట్టడం కాకపోతే?” అన్న పెద్దమనిషి ముందు కాగితపు పళ్ళెంలో సగం కొరికిన బర్గర్ ఉన్నది. అప్పుడు నేను నవ్వుకున్నాను గాని పైకి ఏమీ అనలేదు.

తిననివాళ్ళను తినమనడం నా ఉద్దేశం కాదు. శాకాహారి అయితే ఇదే మసాలాలో పుట్టగొడుగులు, గట్టి టోఫు వేయించుకోవచ్చు, బాగానే ఉంటాయి. టర్కీకోడి కైమాతోనూ చేస్తారు. నాకు నచ్చదు, అది వేరే సంగతి. నేను మాట్లాడుతున్నది తినేవాళ్ళతో. దూరదేశపు పేరు పెట్టుకుంటే నాగరికత, పొరుగు పేట పేరు పెడితే అనాగరికత అయిపోయే ఆ మాటను చీటీ మీద రాయలేనివాళ్ళతో.

పోయిన శనివారం మళ్ళీ కలుసుకున్నాం. రెండు పౌనుల కైమా చేసి తీసుకువెళ్ళాను. చీటీ మీద మొదటిసారి రాసిన మాటలే, కాస్త పెద్ద అక్షరాలతో రాశాను. ఇల్లాలు చూసింది, ఏమీ అనలేదు. ఒకాయన గిన్నె దాకా వచ్చి, చదివి, పప్పు వైపు తిరిగాడు. తిరగడం ఆయన హక్కు. ఇంకొకాయన, ఎన్నేళ్ళుగానో ఎరిగిన మనిషి, రెండు గరిటెలు వేసుకుని, నా పక్కన కూర్చుని, “మా అమ్మ ఇందులో చింతచిగురు వేసేది” అన్నాడు. ఆయనది ఏ ఊరో తెలుసు గాని, ఏ పేటో అంతవరకు నాకు తెలియదు. సగం గిన్నె మిగిలి ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున వేయించిన గుడ్డు పైన వేసుకుని తిన్నాం.