పంచేది మనం.. పంట వాళ్లది

2018 జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరును జనం కొట్టి చంపారు. ఆయన, ఆయన దోస్తులు చేసిన నేరమేమిటి? దారిలో కనిపించిన బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకపోయే ముఠా అని ఎవరో అనుమానపడ్డారు. వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో వేశారు. వాళ్ల కారు ముర్కి చేరకముందే వాళ్ల బొమ్మ ముర్కి చేరింది. రోడ్డుకు అడ్డం పెట్టి జనం ఎదురుచూస్తున్నారు.

అంతకు పన్నెండు రోజుల ముందు, జులై 1న, మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటన చేసుకొని బతికే సంచారజాతి మనుషులు ఐదుగురిని ఇట్లనే చంపారు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం ఇదే పుకారుకు బలైంది. వీళ్లలో ఏ ఒక్కరూ ఏ పిల్లనూ ఎత్తుకపోలేదు.

ఏండ్లు గడిచినయి. ఈ ముచ్చట మళ్లీ ఎందుకంటే, అప్పుడు పట్నపు పెద్దమనుషులు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చెలామణిలో ఉన్నది. ‘చదువురాని పల్లె జనం, చేతికి ఫోన్లు వచ్చాయి, ఇంకేముంటది’ అని తేల్చేశారు. మేము ఆ తీర్పును ఒప్పుకోము. ఆ పుకారును మోసిన యంత్రాన్ని తయారు చేసింది చదువురానోళ్లు కాదు. దాన్ని ముందుకు తోసినవాళ్లలో డిగ్రీలున్నోళ్లకు, నెల జీతాలున్నోళ్లకు కొదువ లేదు. సోషల్ మీడియాలో రాసేవాళ్లు కొందరే. పంచేవాళ్లు కోట్లమంది. ఏ మాట బతకాలె, ఏ మాట చావాలె అన్నది పంచేవాళ్ల వేలు మీద ఆధారపడి ఉన్నది. ఆ వేలును నడిపించే హక్కు మాత్రం పంచేవాళ్ల చేతిలో లేదు. అసలు పేచీ ఇక్కడ ఉన్నది.

తోక తెగిన వీడియో

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోను గుర్తు చేసుకుందాం. బైకు మీద ఇద్దరు వస్తారు. గల్లీలో ఆడుకుంటున్న పిల్లగాన్ని ఎత్తుకొని పోతారు. చూసిన ఏ తల్లికైనా గుండె ఆగినంత పనైతది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. చివర్లో ఆ బైకు మీది మనుషులే తిరిగి వచ్చి, పిల్లగాన్ని దించి, పిల్లలను కాపాడుకోండని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. పిల్లలను కాపాడటానికి తీసిన బొమ్మ మనుషులను చంపే ఆయుధమైంది.

దాన్ని పంపిన వాళ్లలో ఎక్కువమందికి చెడ్డ ఉద్దేశం లేదు. ‘మా పిల్లలు పైలం, మీ పిల్లలు పైలం’ అనే పంపారు. గమనించాల్సింది ఇదే. వాట్సాప్‌లో మాటకు బలం ఇచ్చేది నమ్మకం. మేనమామ పంపిండు, బడి సారు పంపిండు, యూనియన్ అన్న పంపిండు అంటే అది నిజమే అయి ఉంటదనుకుంటాం. ఆ మేనమామకు ఎవరు పంపారో, వాళ్లకు ఎవరు పంపారో మనకు తెల్వదు. ఊరు లేదు, తేదీ లేదు, పేరు లేదు. మనిషి మీది నమ్మకం వీడియో మీది నమ్మకంగా మారిపోతది.

ఒకప్పుడు పుకారు నడిచి వచ్చేది. సంతకు పోయినోళ్లు మోసుకొచ్చేవారు. దారిలో నలుగురు అడ్డం తగిలేవారు, ‘నువ్వు చూసినవా?’ అని అడిగేవారు. ఇప్పుడు అడిగే తీరిక ఎక్కడిది? 2018లో ఒక వాట్సాప్ గ్రూపులో 256 మంది వరకు ఉండొచ్చు. ఒక్క మనిషి నిండు గ్రూపులు ఐదింటికి పంపితే 1,280 మంది. వాళ్లలో పన్నెండు మంది అట్లనే చేస్తే 15 వేలు దాటుతది. చాయ తాగి గ్లాసు కింద పెట్టేలోపల జరిగే పని ఇది.

బటన్ ఎట్ల పుట్టింది

ట్విట్టర్ 2006లో మొదలైంది. మొదట్లో అందులో ఒకరి మాటను ఇంకొకరు పంచాలంటే చేతితో తిరిగి పెట్టాలె, ముందు వాళ్ల పేరు రాయాలె. అది వాడేవాళ్లు తమంతట తాము పెట్టుకున్న పద్ధతి. ఆ కొద్దిపాటి శ్రమలోనే కొంత ఆలోచన ఉండేది. 2009 నవంబరులో కంపెనీ రీట్వీట్ బటన్ తెచ్చింది. శ్రమ పోయింది, దానితోపాటు ఆలోచనా పోయింది. ఆ బటన్‌ను తయారు చేసిన బృందానికి నాయకుడైన క్రిస్ వెదరెల్ 2019లో, నాలుగేండ్ల పిల్లగాని చేతికి తూటాలు నింపిన తుపాకి ఇచ్చినట్టయిందేమోనని బాధపడ్డాడు.

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తాంశాలను పరిశీలించి, 2018 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. దొంగ ఖాతాలు నడిపే యంత్రాలే దీనికి కారణమని చాలామంది అనుకున్నారు. వాటిని లెక్కలోంచి తీసేసి చూసినా ఫలితం మారలేదు. పంచింది మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటది, నోరు తెరిపిస్తది. నిజం చాలాసార్లు నిన్నటి లెక్కనే ఉంటది.

మనిషి బలహీనత ఇదని తెలిసిన కంపెనీ ఏం చెయ్యాలె? దాన్ని అదుపు చేసే ఏర్పాటు చెయ్యాలె. ఫేస్‌బుక్ ఏం చేసింది? 2018లో తన లెక్క మార్చింది. మన ముందుకు ఏ పోస్టు రావాలో తేల్చే మార్కులలో లైకుకు ఒక పాయింటు. ఉన్నదున్నట్టు షేర్ చేస్తే ఐదు. పొడుగు కామెంటు రాస్తే, మాట జోడించి షేర్ చేస్తే ముప్పై. కోపం బొమ్మ నొక్కితే అది ఐదు లైకులకు సమానమని కూడా బయటపడింది. సంస్థలో పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన కాగితాలతోనే ఈ ముచ్చట లోకానికి తెలిసింది. కోపాన్ని పెంచుతున్నామని సంస్థలోని ఉద్యోగులే హెచ్చరించినట్టు, జనాన్ని రెచ్చగొట్టేటట్టు రాయక తప్పడం లేదని యూరప్‌లోని కొన్ని పార్టీలు మొరపెట్టుకున్నట్టు అందులోనే ఉన్నది.

ఎందుకిట్ల? పైసల కోసం. మనం ఎంతసేపు తెర ముందు కూర్చుంటే అన్ని ప్రకటనలు. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా కంపెనీ ఆదాయం 2024లో 16,400 కోట్ల డాలర్లు దాటింది. అందులో దాదాపు అంతా ప్రకటనలదే. ఆ పంటకు నీళ్లు పెట్టింది ఎవరు? పండుగ ఫోటో పెట్టినోళ్లు, ఉద్యోగ ప్రకటన పంచినోళ్లు, వాదన పెట్టుకున్నోళ్లు, తిట్టినోళ్లు, తిట్లు తిన్నోళ్లు. కూలి లేదు, లెక్క లేదు, అడిగే హక్కు లేదు. దీన్ని మన భాషలో ఏమంటారో మన తాతలను అడిగితే చెప్తారు. వెట్టి అంటారు. నాటి వెట్టికి కొరడా కావలసి వచ్చింది. ఈ వెట్టికి లైకు సరిపోతున్నది.

ఇందులోనూ వివక్షే

తప్పుడు వార్తలను గుర్తించే పనికి ఫేస్‌బుక్ కేటాయించిన సమయంలో 87 శాతం అమెరికాకేనని ఆ కాగితాల ఆధారంగా 2021లో వార్తలు వచ్చాయి. రోజూ ఫేస్‌బుక్ వాడేవాళ్లలో అమెరికా వాటా పదో వంతు మాత్రమే. మిగిలిన ప్రపంచమంతటికీ 13 శాతం. ఈ లెక్క పూర్తిది కాదని కంపెనీ అన్నది. మరి పూర్తి లెక్క చూపించమంటే చూపించిందా? కోట్లమంది మాట్లాడే హిందీ, బెంగాలీలలో విషపు రాతలను పట్టే సాధనాలే సరిగా లేవని అవే కాగితాలు చెప్పాయి. ఆ భాషల గతే అట్లుంటే, తెలుగు పల్లెలో తిరిగే వీడియోను చూసే దిక్కెవరు? జనం మన దగ్గర, లాభం వాళ్ల దగ్గర, కాపలా మాత్రం ఇంకెక్కడనో!

మార్చడం కంపెనీల చేతిలో లేదంటారా? అదీ అబద్ధమే. చావుల మీద దేశం గగ్గోలు పెట్టిన తర్వాత, 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అంతకుముందు రెండు వందలకు పైగా చోట్లకు పంపే వీలుండేది. ఫార్వర్డ్‌లు 25 శాతం తగ్గినట్టు కంపెనీయే చెప్పుకున్నది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కచోటికే పంపాలన్నది. అటువంటి సందేశాలు 70 శాతం తగ్గాయని అన్నది. అంటే పుకారు వేగం దేవుడు రాసింది కాదు. ఒక ఆఫీసులో కూర్చొని మనుషులు పెట్టిన అంకె. అదే కట్టడి ముందే పెట్టి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బదులు కంపెనీ 2018లో మన పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చి, మీరు జాగ్రత్తగా ఉండండని మనకే సుద్దులు చెప్పింది.

లాఠీ జవాబు కాదు

అయితే సర్కారు చేతికి కట్టె ఇద్దామా? ఆ సంబడమూ చూసినం. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్‌ను విమర్శిస్తూ ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, దానికి లైకు కొట్టిన ఇంకొక అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. అందుకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. 2021లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చి, సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్నది. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. మేము ఇక్కడ కంపెనీ వకాల్తా పుచ్చుకోవడం లేదు. కానీ అందరి ఉత్తరాలకు సీలు విప్పితే ముందుగా దొరికేది పుకారు పుట్టించినోడు కాదు. బదిలీల అన్యాయం గురించి రాసిన ఉద్యోగి, ఫీజుల గురించి నిలదీసిన విద్యార్థి.

మరి దారి? ఒకటి మన దగ్గరనే ఉన్నది. 2018లో రెమా రాజేశ్వరి జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్నారు. ఎండకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు బిడాయించుకొని లోపల పడుకుంటున్నారని ఆమె కింది పోలీసులు గమనించి చెప్పారు. కారణం ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు. ఊరికొక పోలీసును పెట్టి, ఇల్లిల్లూ తిప్పి, డప్పు కొట్టించి, జానపద బాణీల్లో పాటలు కట్టించి, అది అబద్ధమని చెప్పించారు. ఆ రెండు జిల్లాల్లోని సుమారు 400 ఊర్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అబద్ధం ఏ తొవ్వల వచ్చిందో నిజాన్ని అదే తొవ్వల పంపారు. ఎవరిని నమ్ముతారో వాళ్లతోటి చెప్పించారు. నోటి నుంచి నోటికి పాట నడిచిన నేలకు ఈ విద్య కొత్తది కాదు.

పంచుకోవడమే పాపమని మేము అనడం లేదు. వెబ్ పుట్టిందే పంచుకోవడానికి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లోకానికి వదిలేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చూడండి. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఏ మాట ఏ రోజు ఏ ఖాతా నుంచి మారిందో చరిత్రలో కనిపిస్తది. ఆధారం లేకుంటే నిలదీస్తారు. అదీ పంచుడే, ఫార్వర్డూ పంచుడే. ఒకదాంట్లో దిద్దుబాటుకు జాగా ఉన్నది, రెండోదాంట్లో లేదు.

కనుక మేము అడిగేవి మూడు. ఏ పోస్టుకు ఎన్ని మార్కులు వేస్తున్నారో కంపెనీలు బయటపెట్టాలె. ఫార్వర్డ్ కట్టడి కంపెనీ దయ కింద ఉండొద్దు, చట్టసభలో చర్చించి, మాట్లాడే హక్కుకు దెబ్బ తగలకుండా నియమంగా పెట్టాలె. తెలుగులో వ్యాపారం చేసేవాళ్లు తెలుగు తెలిసిన మనుషులను తగినంతమందిని పెట్టి, ఆ లెక్క ఏటా చెప్పాలె. 2025 జనవరిలో మెటా కంపెనీ అమెరికాలో బయటి సంస్థలతో నిజనిర్ధారణ చేయించే పద్ధతి ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఉన్న కాపలానే తీసేస్తున్న కాలమిది, అడగకుంటే ఎవరూ ఇయ్యరు.

అడుగుతూనే మన ఇల్లు మనం సర్దుకోవాలె. హాస్టల్ గ్రూపులున్నయి, యూనియన్ గ్రూపులున్నయి, కుల సంఘాల గ్రూపులున్నయి. ప్రతి గ్రూపులో రెండు కట్టుబాట్లు పెట్టుకుందాం. ఎక్కడిది, ఎప్పటిది అని చెప్పలేని దాన్ని పంపొద్దు. పంపింది తప్పని తేలితే చప్పుడు చేయకుండా డిలీట్ కొట్టొద్దు, అదే గ్రూపులో, అదే పేరుతోటి, తప్పని రాయాలె. గొంతులు కృత్రిమంగా పుట్టించి, లేని దృశ్యాలను ఉన్నట్టు చూపే యంత్రాలు వచ్చిన ఈ కాలంలో కంటిని నమ్మి బతకలేం. చదువుకున్న పిల్లలు ఇంట్లో అమ్మకు, నాయినకు, కాకకు ఈ ముచ్చట ఓపికగా చెప్పాలె, ఎక్కిరిస్తే వాళ్లు వినరు. ఈ వారం మీ గ్రూపుతోనే మొదలుపెట్టండి.